కోర్సు అయిపోయాక పరుగు

మొదటి చుట్టు ఎప్పుడూ బాగుండదు. మోకాళ్ళు ఎవరివో తెచ్చి తగిలించుకున్నట్టు ఉంటాయి, ఊపిరి లోపలికి రానా వద్దా అని గుమ్మంలోనే తచ్చాడుతుంది, బుర్ర ఇంకా మంచం మీదే ఉండి చిన్నాడి పిడికిట్లో ఇరుక్కున్న జడ కొసను ఒక్కొక్క వెంట్రుకగా విడిపించుకుంటూ ఉంటుంది. వాడు నిద్రలో కూడా ఆస్తి వదలడు. ఆ పిడికిలి విప్పడం, విప్పినచోట దిండు గలీబు కొస దూర్చడం, పెద్దదాని కాలు తన పొట్ట మీంచి తీసి దాని నాన్న పొట్ట మీదికి బదిలీ చేయడం, బూట్లు చేత్తో పట్టుకుని వీధి తలుపు గొళ్ళేన్ని కొంచెం పైకెత్తి జరపడం, ఎత్తకుండా జరిపితే కీచుమంటుంది, కీచుమంటే ఆ రోజుకి అంతే. ఇదంతా కలిపి చూస్తే పరుగు కంటే ఇల్లు దాటడమే పెద్ద వ్యాయామం అని ఆమెకు చాలాసార్లు అనిపించింది. దొంగలకి ఇంత కష్టం ఉండదు. వాళ్ళు తిరిగి రానక్కర్లేదు కదా.

బేకరీ షట్టరు సగానికి లేచి ఉంది. దాని కింద బేకరీ అతని కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి, పిండి పడిన చెప్పులు, అటూ ఇటూ తిరుగుతూ. ఇన్నాళ్ళుగా ఈ వేళప్పుడు చూస్తున్నా అతని మొహం ఎలా ఉంటుందో ఆమెకు తెలీదు, కాళ్ళు మాత్రం బాగా పరిచయం. బేకరీ మూల తిరిగితే స్కూలు గోడ, గోడ చివర మెషీన్లు గుండ్రంగా కళ్ళు తెరుచుకుని ఉండే లాండ్రీ, ఆ పక్కన కార్లు నిలిపే షెడ్డు, షెడ్డు వెనక సందు, సందులోంచి బయటపడితే మళ్ళీ తమ బిల్డింగు. నాలుగో అంతస్తులో తమ బాల్కనీ. చుట్టుకోసారి తలెత్తి ఆ బాల్కనీ చూడాలి, అది ఒప్పందం. కటకటాలు ఖాళీగా ఉంటే అందరూ నిద్ర. నీలం తువ్వాలు వేలాడితే చిన్నాడు లేచాడు గానీ నేను చూసుకుంటున్నాను. కప్ప బొమ్మ ఉన్న ఆకుపచ్చ తువ్వాలు వేలాడితే ఇంక నావల్ల కాదు, పైకి రా. ఈ పద్ధతి కనిపెట్టింది ఆయనే. ఆయన పళ్ళ సెట్లు చేసే ల్యాబులో పని చేస్తాడు, పై పన్ను కింద పన్ను మీద సరిగ్గా కూర్చోకపోతే నిద్ర పట్టని మనిషి, ఆయన పెట్టిన పద్ధతుల్లో సాధారణంగా సందులుండవు. ఒక్కసారి మాత్రం పిల్లాడికి స్నానం చేయించి, ఆ సంగతే మర్చిపోయి, కప్ప తువ్వాలు ఎండకి ఆరేశాడు. ఆమె నాలుగంతస్తులూ ఒక్క ఊపులో ఎక్కి, తలుపు బాది, నోట మాట రాక గోడ పట్టుకుని నిలబడితే, లోపల ముగ్గురూ కింద కూర్చుని అరటిపండు తింటున్నారు. "ఇవాళ త్వరగా వచ్చేశావేం?" అన్నాడు. అప్పటినుంచీ కప్ప తువ్వాలు బాత్రూంలోనే ఆరుతుంది, ఎన్నాళ్ళకీ ఆరదు, కప్పకి తగ్గట్టే ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది.

కటకటాలు ఖాళీ. రెండో చుట్టు. ఖాళీగా ఉన్న కటకటాలంత అందమైన వస్తువు ఈ వీధిలో ఇంకోటి లేదు. రేపు ఇలా చూడాల్సిన పని ఉండదేమో. సోమవారం నుంచైతే అసలే ఉండదు. ఇవాళ పదింటికల్లా కొత్త షిఫ్టు సంగతి ఏదో ఒకటి చెప్పమన్నాడట ఆయన సూపర్వైజరు. పది అంటే పిల్లని స్కూల్లో దింపి, పిల్లాడికి రెండోసారి మొహం కడిగి, బట్టలు మెషీన్లో వేసి, అవి సగం తిరిగేసరికి. అంతలోపల ఆమె నోరు విప్పాలి, విప్పి ఒక మాట చెప్పాలి. ఆ మాట ఏమిటో తెలుసు. చెప్పడానికి దానికి ముందూ వెనకా ఏమీ లేదు, అదే ఇబ్బంది.

అంతా నిన్న డాక్టరమ్మ చేసిన మేలు. చిన్నాడు పుట్టాక ఈమెకి రక్తంలో చక్కెర దిగిరానని మొండికేసింది. అప్పుడా డాక్టరమ్మే కళ్ళజోడు పైనుంచి చూసి, రోజూ పొద్దున్నే ఒంటికి చెమట పట్టేలా ఏదన్నా చెయ్యండి, పరుగెత్తగలిగితే మరీ మంచిది, అంది. అలా అన్నందుకు ఈమె మనసులో ఆవిడకి పెద్ద దండ వేసింది. నిన్న మళ్ళీ అదే కుర్చీ, అదే కళ్ళజోడు. "అంతా మామూలుకొచ్చేసిందమ్మా. ఇంక ఇంత పరుగులక్కర్లేదు. రోజూ కాస్త నడవండి చాలు. పొద్దున్నే హాయిగా పడుకోండి." పక్క కుర్చీలో పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆయన లేచి నిలబడ్డాడు. స్కూలు ఫైనలు ఫలితాలొచ్చినట్టు మొహం వెలిగిపోయింది. డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని ఊపాడు, పిల్లాడి చెయ్యి కూడా ఆవిడ చేతిలో పెట్టి ఊపించాడు. ఆనందించని మనిషి ఆ గదిలో ఒక్కతే. ఆమె మర్యాదకి నవ్వింది. బస్టాపులోనే ఆయన వాళ్ళమ్మకి ఫోన్ చేశాడు. "అమ్మా, తగ్గిపోయిందట! ఇంక పరుగుల బాధ లేదు." అవతలినుంచి అత్తగారి గొంతు, స్పీకరు పెట్టకపోయినా బస్టాపంతా వినబడే గొంతు. "బతికించిందిరా. పాపం నా కోడలు, ఆ చలిలో, ఆ చీకట్లో, ఏడాదిగా ఎంత నరకం పడిందో!" పక్కనే నిలబడ్డ కోడలు ఎటు చూడాలో తోచక బస్సు నంబర్లు చదివింది.

స్కూలు గోడ మీద పిల్లలు వేసిన బొమ్మలు, ఒక ఏనుగుకి ఐదు కాళ్ళు. పెద్దది రేపు స్కూలుకి కోడిగుడ్ల అట్ట పట్టుకెళ్ళాలి, దానితో ఏదో చేయిస్తారట, ఆ అట్ట మొన్నే పారేసింది, లాండ్రీ ఆవిణ్ణి అడగాలి. ఆవిడ దగ్గర అట్టలుంటాయి, గుడ్లవి కావు, సబ్బులవి. సబ్బుల అట్టతో పని జరగదా, జరగదు, టీచరు గుడ్లదే అందని పెద్దది ఏడుస్తుంది, దానికి టీచరు మాట దేవుడి మాట, అమ్మ మాట లిఫ్టులో మోగే పాట, వినబడుతుంది గానీ ఎవరూ వినరు.

నరకం. అత్తగారు ఆ మాట ఊరికే అనలేదు. ఆ మాట ఆవిడ నమ్మేలా చేసింది ఈమే. మొదటివారం పరుగెత్తి ఇంటికెళ్ళినప్పుడు అత్తగారు ఇక్కడే ఉన్నారు, పురుడు తర్వాత సాయానికని. ఈమె బుగ్గలు ఎర్రబడి, వెంట్రుకలు నుదుటికంటుకుని, ఏదో పాట కూనిరాగం తీస్తూ లోపలికొచ్చేసరికి ఆవిడ పిల్లాణ్ణి భుజాన వేసుకుని నిలబడి ఉన్నారు. అరగంటగా ఏడుస్తున్న పిల్లాడు. ఆవిడ పైకీ కిందికీ చూసి, "మందుకెళ్ళొచ్చినట్టు లేదే, విహారానికెళ్ళొచ్చినట్టుంది," అన్నారు. తిట్టలేదు, ఊరికే అన్నారు. కానీ ఈమెకి విషయం ఇట్టే అర్థమైపోయింది. కాలేజీ చదువు అక్కరకొచ్చిన సందర్భాలు తన జీవితంలో వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, అందులో ఇదొకటి. మందన్నది చేదుగా ఉండాలి. మర్నాటినుంచి మూడో అంతస్తు మెట్ల మలుపు దగ్గర ఆగి మొహం మార్చుకోవడం మొదలుపెట్టింది. కనుబొమలు కాస్త దగ్గరకి, పెదవులు కిందికి, భుజాలు జారవేయడం, ఒక చెయ్యి నడుం మీద. తలుపు తీయగానే "అమ్మయ్యా" అని ఒక నిట్టూర్పు. అంతే, పిల్లాడు ఏడుస్తున్నా అత్తగారే మంచినీళ్ళు తెచ్చిచ్చేవారు, "కూర్చో తల్లీ, ముందు ఊపిరి పీల్చుకో." ఆయనైతే రాత్రి పడుకోబోయే ముందు అలారం పెడుతూ, "రేపటి డోసు మర్చిపోకు," అనేవాడు. ఓసారి ఈమెకి జ్వరమొస్తే కూడా, మధ్యలో ఆపకూడదు, కోర్సు పూర్తి చెయ్యాలి అని ఆయనే బూట్లు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టాడు. ఇన్ని మర్యాదలు ఇష్టానికి దొరుకుతాయా? పళ్ళెంలో ఇంకొంచెం పెట్టుకోమనేవాళ్ళుంటారు గానీ, పిల్లల్ని మేం చూస్తాం, నువ్వెళ్ళి ఉబుసుపోకకి పరుగెత్తిరా అనేవాళ్ళు ఎక్కడుంటారు. ఆ మొహం ఖర్చు లేని మొహం. అద్దంలో చూసుకోకుండానే పెట్టుకోగలిగేంత అలవాటైపోయింది. ఇప్పుడు కోర్సు అయిపోయింది. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి?

"అమ్మాయ్! ఎడమ మడమ గట్టిగా వేస్తున్నావ్!"

షెడ్డు దగ్గర బాబాయిగారు. మోకాళ్ళకి మంచిదని ఎవరో చెప్పగా ఈ వీధంతా వెనక్కి నడుస్తాడు, రిటైరైన బస్సు డ్రైవరు.

"మీకెలా తెలుసు బాబాయిగారూ, మీరు అటు వెళ్తున్నారుగా?"

"అటు వెళ్తూ ఇటే చూస్తున్నాను కదమ్మా! ఉద్యోగం చేసినంతకాలం ముందుకెళ్తూ అద్దంలో వెనక చూశాను. ఇప్పుడు తిరగేశాను."

ఎదురుగా చూస్తూ దూరమైపోయాడు, రైలెక్కి చెయ్యూపేవాడిలా. ఈయనకెంత సుఖం, మోకాళ్ళున్నాయి. జీవితాంతం ఉంటాయి, అరుగుతూనే ఉంటాయి, ఆయన్ని ఇంట్లో ఎవరూ ఎందుకని అడగరు. తనకున్నది చక్కెర, అదీ దిగిపోయింది. మళ్ళీ పెంచుకుంటే? బేకరీ పక్కనే ఉంది. ఛీ, ఏం ఆలోచన. నవ్వొచ్చింది, నవ్వితే పక్కలో పోటొచ్చింది, నెమ్మదించింది.

మూడో చుట్టు అని ఆమె లెక్కపెట్టదు గానీ ఒంటికి తెలుస్తుంది. ఎక్కడో లాండ్రీ దాటాక, గిన్నెలు తోమడం అయిపోయిన వంటిల్లులా లోపల చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. మోకాళ్ళు తనవే అవుతాయి. ఊపిరి అడక్కుండానే వస్తుంది, పోతుంది. అప్పుడు కాళ్ళ కింద రోడ్డు వెనక్కి పోతున్నట్టు ఉంటుంది గానీ తను ముందుకి పోతున్నట్టు ఉండదు. దీనికి పేరేమిటో తెలీదు. చిన్నప్పుడు వాళ్ళ ఇంటి ముందు వీధి కాస్త ఏటవాలుగా ఉండేది, అమ్మ ఉప్పు తెమ్మంటే పరుగే, ఉత్తరం డబ్బాలో వేసిరమ్మంటే పరుగే, ఏమీ తెమ్మనకపోయినా పరుగే. కింది దాకా వెళ్ళి పైకి. "ఎవరు తరుముతున్నారే నిన్ను?" అనేది అమ్మ. ఎవరూ తరమటం లేదు, అదే కదా అందులో గొప్ప. తర్వాత ఎప్పుడో, ఏ రోజని గుర్తులేదు, నడిచి రావడం మొదలైంది. ఎవరూ ఆపలేదు కూడా. గౌను పొట్టయిపోయినట్టు దానంతటదే జరిగిపోయింది. కాలేజీ ఆటల పోటీల్లో ఒకసారి పరుగెత్తి నాలుగోదొచ్చింది, నాలుగోవాళ్ళకి చప్పట్లు మాత్రమే ఇస్తారు, చేతిలో ఏమీ పెట్టరు. ఆ తర్వాత పరుగెత్తిందంతా ఎవరి వెనకో. బస్సుల వెనక, సూపర్ మార్కెట్లో ట్రాలీ వదిలేసి పారిపోయే పెద్దదాని వెనక, సబ్బు నురగతో బాత్రూంలోంచి తప్పించుకున్న చిన్నాడి వెనక. ఎవరి వెనకా కాకుండా, ఎవరి ముందూ కాకుండా పరుగెత్తడం డాక్టరమ్మ చీటీతో తిరిగొచ్చింది. ఈ వేళప్పుడు ఆమెను అమ్మా అని ఎవరూ పిలవరు, ఏమేవ్ అనరు, ఆంటీ అనరు. బాబాయిగారు ఒక్కడే అమ్మాయ్ అంటాడు, ఆయన కూడా వెనక్కి వెళ్ళిపోతూ అంటాడు, నష్టం లేదు.

రాత్రి అన్నాడు ఆయన. పిల్లలు పడుకున్నాక, పిల్లల పళ్ళ బ్రష్షులు కడిగి వరసగా నిలబెడుతూ. పొద్దుటి షిఫ్టుకి మనిషి కావాలట, తెల్లారకముందే వెళ్ళి మధ్యాహ్నం మూడింటికల్లా ఇంటికి. "ఇన్నాళ్ళూ నీ డోసు ఉందని నేను నోరెత్తలేదు. ఇప్పుడింక అడ్డేముంది?" ఏమీ లేదు అన్నట్టు ఆమె తల ఎటో ఒకవైపు కదిలింది, దాన్ని ఆయన తనకి కావలసిన వైపుగా తీసుకున్నాడు. "కావాలంటే సాయంత్రం నాలుగింటికి నువ్వు కాసేపు బయటికెళ్ళి రావచ్చు కూడా," అన్నాడు, మంచివాడు. నాలుగింటికి రోడ్డు మీద స్కూలు వ్యాన్లు, సైకిళ్ళు, బేకరీ ముందు లైను. అదీ కాదు. నాలుగింటికి పిల్లలిద్దరూ మెలకువగా ఉంటారు. తలుపు దగ్గర ఒక్కో కాలికి ఒకరు వేలాడతారు, అమ్మ ఎక్కడికి, నేనూ వస్తా. అడిగి తీసుకున్న గంటకి లెక్క చెప్పాలి. ఈ పొద్దుటి గంట ఎవరికీ అక్కర్లేనిది, అందుకే అది తనదైంది. ఇవన్నీ రాత్రి చెప్పొచ్చు. చెప్పలేదు. బ్రష్షులు నాలుగూ ఎంత వరసగా నిలబెట్టాడో చూస్తూ ఉండిపోయింది. ఆయన వెలుతురుండగా ఇంటికి వస్తానంటున్నాడు, పిల్లాడు ఆయన వచ్చేసరికి రోజూ సగం నిద్రలో ఉంటాడు. దానికి ఎదురుగా ఏం పెట్టాలి, బాగుంటుంది అనా? ఆ మాట పళ్ళెంలో ఏమీ లేకుండా మూత ఒక్కటే పెట్టినట్టు ఉంటుంది.

సందులోంచి బయటపడి అలవాటుగా తలెత్తింది.

ఆకుపచ్చ.

కప్ప నాలుగు కాళ్ళూ చాపుకుని కటకటాల మీద వేలాడుతోంది. ఇంక నావల్ల కాదు, పైకి రా. ఇక్కడినుంచి గేటు నాలుగడుగులు. ఏడాదిలో కప్పని చూసి ఆగని రోజు లేదు, చూసిన క్షణంలోనే కాళ్ళు వాటంతటవే గేటువైపు తిరిగేవి, పాలు చేపుకొచ్చినట్టు ఛాతీ బరువెక్కేది. ఇవాళ కూడా కాళ్ళు తిరగబోయాయి. తిరగలేదు. గేటు వచ్చింది, గేటు పోయింది. ఆమె చూస్తూనే ఉంది, వేరే ఎవరి గేటో పోతున్నట్టు. బేకరీ షట్టరు పూర్తిగా లేచింది, అతని మొహం కనబడింది, మీసాలున్నాయి. మీసాలుంటాయని అనుకోలేదు. ఏం కొంప మునిగింది, వాడు ఏడుస్తుంటాడు, వాడికి తండ్రి ఉన్నాడు, పన్ను మీద పన్ను అతికించగలిగిన తండ్రి. జ్వరమేమో. జ్వరమైతే నిన్న డాక్టరమ్మ దగ్గరే తెలిసేది. మంచం మీంచి పడ్డాడేమో. పడితే తువ్వాలు ఆరేసే తీరిక ఉంటుందా, బాల్కనీలోంచి కేకే వస్తుంది. ఇలా ఒక్కొక్కటీ తీసి చూసి, మడతపెట్టి పక్కన పెట్టింది, ఉతికిన బట్టల్లా. అన్నీ మడతపెట్టాక కింద ఏమీ మిగల్లేదు, చివరి చుట్టు కావాలి అన్న కోరిక ఒక్కటే ఉంది. చెడ్డ తల్లి అన్న మాట వస్తుందేమో అని కాసేపు ఎదురుచూసింది. వచ్చింది గానీ పెద్దగా ఏమీ మాట్లాడలేదు, కొంతదూరం పక్కన పరుగెత్తి, ఆయాసమొచ్చి స్కూలు గోడ దగ్గర ఆగిపోయింది.

ఇంక పట్టపగ్గాల్లేవు. లాండ్రీ, షెడ్డు, సందు. ఏనుగు ఐదో కాలు కూడా పరుగెత్తడానికే వేసుంటాడు ఆ పిల్లాడెవడో. జడ వీపుని తపతపా కొడుతోంది, చేతులు ఎంత పైకి వస్తున్నాయో తెలుస్తోంది, ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారో అన్న ధ్యాస రావలసిన చోటికి రాలేదు. నోరు కొంచెం తెరిచి ఉంది. పళ్ళకి చల్లగాలి తగిలాక తెలిసింది తను నవ్వుతున్నానని. ఏమీ హాస్యం లేదు. ఊరికే. కింది దాకా వెళ్ళి పైకి, ఎవరూ తరమకుండా.

సందు దాటి మూల తిరగగానే గేటు ముందు ఆయన నిలబడి ఉన్నాడు. లుంగీ మీద చొక్కా తిరగేసి వేసుకుని, చంకలో చిన్నాడు, వాడి చేతిలో పళ్ళ బ్రష్షు, పక్కన పెద్దది అమ్మ చెప్పులేసుకుని. కప్ప తువ్వాలు ఆయన భుజం మీద ఉంది. చిన్నాడు ఏడవటం లేదు, ఏడ్చి మానేసిన ముక్కు. ఆమె మొహం మార్చుకోబోయింది. మూడో అంతస్తు మలుపు లేదు, వ్యవధి లేదు. కనుబొమలు దగ్గరికొచ్చాయి గానీ నోరు వెనక్కి రాలేదు, పైసగం నరకంలోనూ కిందిసగం విహారంలోనూ ఉండిపోయింది. ఆగింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగింది, కాస్త దాక్కోవడానికి కూడా.

"నువ్వేనా?" అన్నాడు ఆయన. "ఆ మూలనుంచి చూస్తున్నాను. ఎవరో అనుకున్నాను."

"ఏమైంది వాడికి?"

"ఏమీ కాలేదు. నువ్వు కావాలన్నాడు. తువ్వాలు వేశాను. నువ్వు చూశావు కూడా, పైనుంచి నేను చూశాను నువ్వు చూడ్డం."

పెద్దది అమ్మ చెప్పులు ఈడ్చుకుంటూ దగ్గరికొచ్చింది. దానికి పొద్దున లేచినప్పటినుంచి పడుకునేదాకా ఒకటే పని, అడగడం.

"అమ్మా, ఎక్కడికెళ్ళావు?"

"ఎక్కడికీ లేదే. ఇలా చుట్టూ తిరిగి ఇక్కడికే."

"ఇక్కడే ఉన్నావు కదా ముందు?"

"ఉన్నాను."

"మరెందుకు?"

ఆయన కూడా చూస్తున్నాడు. ఒక పెద్ద కారణం, లోకం ఒప్పుకునే కారణం, ఎక్కడన్నా దొరుకుతుందేమో అని ఆమె చివరిసారిగా వెతికింది. నడుం నొప్పి ఉంది, అత్తగారి వైపు గుండె జబ్బుంది కానీ అది అత్తగారిది. "బాగుంటుందే," అంది పెద్దదానితో. "నాకు బాగుంటుంది. అందుకని."

పెద్దదానికి ఆ జవాబు సరిపోయింది. దానికి ప్రపంచంలో చాలా పనులు అందుకనే జరుగుతాయి. బేకరీవైపు తిరిగి, వాసన పీల్చి, ఇంకో ప్రశ్నకి సిద్ధమవుతోంది. ఆయనకే సరిపోలేదు.

"ఇందాక పరుగెత్తుతుంటే నీ మొహం బాగున్నట్టే ఉంది," అన్నాడు. "ఇంటికొచ్చేటప్పుడు మాత్రం చచ్చీచెడీ వచ్చినట్టు వస్తావేం మరి?"

"మెట్లెక్కుతూ మార్చుకునేదాన్ని."

"రోజూనా?"

"ఆదివారాలు కొంచెం తక్కువ."

ఆయన చిన్నాణ్ణి ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చాడు. పళ్ళ సెట్టు కొత్తగా నోట్లో పెట్టి, కొరకండి, ఎక్కడ తగులుతోంది అని అడిగేటప్పుడు ఆయన మొహం ఇలాగే ఉంటుంది కాబోలు. కోపం అని చెప్పలేం. ఎక్కడ తగిలిందో వెతుక్కుంటున్నాడు.

"నేను పాపం అనుకుని అలారాలు పెట్టాను."

"తెలుసు."

"మా అమ్మ మొక్కని దేవుడు లేడు."

"అదీ తెలుసు. షిఫ్టు వద్దని చెప్పండి."

అనేసింది. ఆయాసం ఇంకా తగ్గకముందే అనడం మంచిదైంది, సగం ఊపిరితో కలిసి బయటికొచ్చేసింది. బేకరీ అతను బయటికొచ్చి బోర్డు మీద దుమ్ము దులిపి లోపలికెళ్ళాడు.

"నాకూ వెలుతురుండగా ఇంటికి రావాలని ఉంటుంది," అన్నాడు ఆయన చివరికి. "వీడు నన్ను రోజూ నిద్రకళ్ళతో చూస్తాడు. ఎవరో అంకులనుకుంటాడేమో."

నిజమే. ఆ మాట ఆమెకి తగలవలసినంతా తగిలింది. పక్కకి జరగలేదు. ఇదివరకైతే ఇక్కడ, సరే పోనీండి, అనేది. ఆ మాట నాలిక చివర సిద్ధంగానే ఉంది, ఎప్పుడూ అక్కడే ఉంటుంది, ఇంటి తాళంచెవిలా. "నిజమేనండీ," అంది. "అయినా వద్దని చెప్పండి."

"నేనేమీ పోగొట్టుకోవట్లేదని మాత్రం అనుకోకు."

"అనుకోవట్లేదు."

చిన్నాడు బ్రష్షుతో ఆయన చెవి తోముతున్నాడు. "సరే," అన్నాడు ఆయన, మనస్ఫూర్తిగా కాదు, అలా అని పెదవులతోనూ కాదు. గేటు తోసుకుని లోపలికి నడిచాడు. లిఫ్టు పైన ఎక్కడో ఆగి ఉంది, మెట్లవైపు తిరిగాడు. నాలుగు మెట్లెక్కి ఆగాడు.

"మా సూపర్వైజరుకి ఏం చెప్పను? మా ఆవిడకి తగ్గింది, ఇంక పొద్దున్నే ఏ ఇబ్బందీ లేదు అని నిన్నే చెప్పి చచ్చాను. పోనీ, పూర్తిగా తగ్గలేదట సార్ అననా? జబ్బంటే ఎవడూ మారు మాట్లాడడు."

ఎంత సులువు. ఆయనే తెచ్చి చేతికిస్తున్నాడు, ఏడాదికి సరిపడా కారణం. పుచ్చుకుంటే మూడో అంతస్తు మలుపు కూడా దక్కుతుంది. ఆమెకి నోరూరలేదని చెప్పడం అబద్ధమవుతుంది.

"వద్దు. తగ్గింది. తగ్గాక కూడా పరుగెత్తుతుందని చెప్పండి."

"దేనికి అంటాడు."

"దేనికో అదే చెప్పండి."

"అది చెబితే నవ్వుతాడే! ల్యాబంతా చెప్పుకుంటారు."

"నవ్వనీండి. వాళ్ళు చేసేవే పళ్ళు."

ఆయనకి నవ్వొచ్చి మింగేశాడు, నవ్వడం ఇంకా తొందరవుతుందని. ఎక్కడం మొదలుపెట్టాడు. పెద్దది వేలాడే చెప్పులతో ముందు, ఆయన చిన్నాడితో వెనక, ఆమె ఆ వెనక, చెమట ఆరుతున్న వీపు మీద చలి పాకుతుండగా. మొదటి అంతస్తు దాటాక ఆయన గొంతు సవరించుకున్నాడు. పదింటికి చెప్పబోయేది ఇప్పుడే చెప్పి చూసుకుంటున్నాడు, ఏ పనీ సరిచూడకుండా బయటికి పంపే మనిషి కాడు.

"సార్, నమస్తే సార్. ఆ షిఫ్టు సంగతి సార్. కుదరదు సార్. మా ఆవిడ పొద్దున్నే పరుగెత్తుతుంది సార్. అంటే డాక్టరు చెప్పి కాదు సార్, ఆవిడకి..."

ఆగిపోయాడు. ఇంకో రెండు మెట్లెక్కాడు. "ఆవిడకి సార్..." మళ్ళీ ఆగాడు. వెనక్కి తిరిగి ఆమెవైపు చూశాడు, స్కూల్లో బల్ల ఎక్కి పద్యం మధ్యలో మర్చిపోయిన పిల్లాడిలా. తర్వాతి మాట ఆమెకి తెలుసు. చిన్న మాట. అందించలేదు. అందిస్తే అదీ మళ్ళీ తన పనే అవుతుంది.

"మొదటినుంచి చెప్పండి," అంది.